అడవిదారి పట్టే బండికి స్పేర్ పార్టుల పెట్టె: ఏవి పెట్టాలి, ఏవి వదిలేయాలి

వానలు తగ్గి వాగులు నెమ్మదించగానే ఒకటే ప్రశ్న మొదలవుతుంది: "తాడ్వాయి వైపు పోతున్నం, వెంట ఏం పార్టులు పెట్టుకోవాలె?" ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పేసరికి సగం మరచిపోతున్నాను. అందుకే వరుసగా రాస్తున్నాను.

వరంగల్ నుంచి బయలుదేరి ములుగు, ఏటూరునాగారం, భూపాలపల్లి, మంచిర్యాల, ఆసిఫాబాద్ వైపు ఒకటి నుంచి మూడు రోజులు తిరిగే థార్, బొలెరో, జిమ్నీ, జిప్సీ, పాత జీపుల కోసం ఇది. ఏటూరునాగారం, కవ్వాల్ లాంటి రక్షిత అడవుల్లో అటవీ శాఖ అనుమతించిన దారి దాటి చక్రం పెట్టకూడదు. ఇక్కడ చెప్పేదంతా అనుమతి ఉన్న మట్టిదారులు, ఊళ్ల మధ్య బండ్ల బాటల గురించే.

1. ముందు బండి చిట్టా తీయండి

పార్టులు కొనడానికి ముందు సర్వీసు బిల్లులు ముందేసుకోండి. గత రెండు మూడేళ్లలో ఏం మార్చారు, ఏది ఎన్ని కిలోమీటర్లకు పోయింది, ఏది ఇంకా కంపెనీ నుంచి వచ్చినదే ఉంది అన్నవి ఒక కాగితం మీద రాయండి.

పోవడానికి సిద్ధంగా ఉన్న పార్టుకు స్పేరు మోసుకెళ్లడం తెలివి కాదు. దాన్ని ఇంటి దగ్గరే మార్పించాలి. బెల్టుకు పగుళ్లు, హోసుకు ఉబ్బు, యూజే క్రాసులో (చక్రాలకు బలం చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు కీలు) లూజు, బ్యాటరీ టెర్మినల్‌కు తెల్లటి బూజు కనిపిస్తే ప్రయాణానికి వారం ముందే పని ముగించండి. ముందురోజు వద్దు. కొత్తగా వేసిన పార్టు సరిగా కూర్చుందో లేదో ఊళ్లో నాలుగు రోజులు తిరిగితేనే తెలుస్తుంది.

మార్చినప్పుడు తీసిన పాత బెల్టు, పాత క్లచ్ కేబులు తెగిపోకుండా ఉంటే పారేయకండి. మీ బండికి కచ్చితంగా సరిపోతుందని రుజువైన స్పేరు అదే. పైగా ఉచితం.

2. ప్రతి పార్టునూ మూడు ప్రశ్నలు అడగండి

ఎవరి జాబితానో చూసి పెట్టె నింపితే బరువు తప్ప ఏమీ మిగలదు. నేను ఏ పార్టు చేతిలోకి తీసుకున్నా ఇవే అడుగుతాను:

- ఇది పోతే బండి ఆగిపోతుందా?
- దారి పక్కన, నా దగ్గరున్న పానాలతో, నేనే దీన్ని మార్చగలనా?
- దగ్గరి మండల కేంద్రంలో ఇది దొరకదా?

మూడింటికీ అవును అని వస్తేనే పెట్టెలోకి. చిన్నవి, చవకవి అయితే రెండు అవునులు చాలు.

మూడో ప్రశ్నను చాలామంది మరచిపోతారు. మన దిక్కు ప్రతి మండల కేంద్రంలో ట్రాక్టర్ల సామాను దుకాణం ఉంటుంది. ఇంజన్ ఆయిల్, గ్రీజు, హోసు క్లిప్పులు, నట్లు, బోల్టులు, బ్యాటరీ తీగలు, బల్బులు అక్కడ దొరుకుతాయి. బొలెరో తిరగని ఊరు లేదు కాబట్టి దాని సామాను కూడా చాలాచోట్ల ఉంటుంది. జిమ్నీ, కొత్త థార్ వాళ్లకు ఆ ధీమా లేదు. వాళ్ల పెట్టె బొలెరో వాళ్ల పెట్టె కన్నా పెద్దదే అవుతుంది.

ఉదాహరణకు వీల్ బేరింగు. పోతే బండి ఆగుతుంది, మండలంలో దొరకదు, కానీ చాలా బండ్లలో ప్రెస్ లేకుండా దారిలో మార్చలేం. కాబట్టి పెట్టెలోకి రాదు. ఇంటి దగ్గరే చక్రం ఎత్తి, ఊపి, తిప్పి చూసుకోవాలి. బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ కూడా అంతే: బరువు, ఖరీదు. ఒకే మోడల్ బండ్లు మూడు నాలుగు కలిసి వెళ్తే అందరికీ ఒకటి పెట్టుకోవచ్చు.

3. దారిని బట్టి పెట్టె మారాలి

ములుగు, తాడ్వాయి వైపు ఎర్రమట్టి, ఒర్రెలు, నరికిన టేకు, వెదురు మొదళ్లు. టైరు పక్క గోడ చీలడం, వాగులో నీళ్లు ఎక్కడం ఇక్కడి ముఖ్యమైన బెడదలు. గోదావరి ఒడ్డు ఇసుకలో క్లచ్ కాలుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది. ఆదిలాబాద్ వైపు రేగడి తడిస్తే చక్రాల చుట్టూ ముద్దలా పేరుకుంటుంది, ఎండితే పత్తి చేన్ల అంచున కట్టె మొదళ్లు మేకుల్లా నిలబడతాయి. కెరమెరి ఘాట్ దిగేటప్పుడు బ్రేకుల మీదే భారమంతా.

మార్చి నుంచి మే దాకా అడవంతా ఎండుటాకే. సైలెన్సర్ కింద ఆకు చిక్కుకుంటే అంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు. ఆ నెలల్లో చేతికి అందేచోట అగ్నిమాపక సిలిండరు ఉండాల్సిందే.

ముసురు పట్టినప్పుడు మాత్రం ప్రయాణమే మానుకోండి. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అలాంటి నీటి ముందు ఏ పార్టూ పనిచేయదు.

4. టైర్లు: సగం కష్టాలు ఇక్కడివే

స్టెప్నీ దగ్గర మొదలుపెట్టండి. గాలి చూడండి, వయసు చూడండి. టైరు పక్కన అచ్చువేసిన నాలుగంకెల్లో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. అరగకపోయినా ఏళ్లు గడిస్తే రబ్బరు గట్టిపడి పగులుతుంది.

పెద్ద టైర్లు వేయించుకున్నవాళ్లు స్టెప్నీ కూడా అదే సైజుకు మార్చారా? ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం) వేసి నడుపుతూ ఒక చక్రం చిన్నదైతే, ఆ బలాన్ని ముందు వెనకలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద ఒత్తిడి పడుతుంది. నాలుగు టైర్లకు డబ్బు పెట్టి అయిదో దానికి వెనకాడేవాళ్లే ఎక్కువ.

బొలెరో, జిమ్నీలవి 15 అంగుళాల రిమ్ములు, ఎక్కడో ఒకచోట టైరు దొరుకుతుంది. 18 అంగుళాల రిమ్ములున్న థార్‌కు వరంగల్ దాటితే ఆ ఆశ పెట్టుకోవద్దు.

పెట్టెలోకి:

- ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్: గట్టి పిడి ఉన్న సూదులు, కనీసం 10 స్ట్రిప్పులు
- కొత్త రబ్బరు సొల్యూషన్ (ఒకసారి తెరిచిన ట్యూబు ఏడాది తిరిగేలోపు ఎండిపోతుంది)
- వాల్వు పిన్నులు 4, వాటిని తిప్పే చిన్న పానా
- 12 వోల్టుల కంప్రెసరు, గాలి మీటరు
- వీల్ నట్లు 2 లేదా 3. లాకింగ్ నట్టు ఉంటే దాని తాళం
- జాకీ కింద వేయడానికి అడుగు పొడవు, అడుగు వెడల్పు మందపాటి చెక్క

ఆ చెక్కను తేలిగ్గా తీసుకోవద్దు. రేగడిలో చెక్క లేకుండా జాకీ పెడితే బండి లేవదు, జాకీ భూమిలోకి దిగుతుంది.

పెద్ద కంప్రెసర్లను లైటర్ సాకెట్‌కు తగిలిస్తే ఫ్యూజు పోతుంది. బ్యాటరీకి నేరుగా తగిలించే క్లిప్పులున్నది కొనండి, ఇంజన్ నడుస్తుండగా వాడండి. ఇసుకలో గాలి 18 నుంచి 20 పీఎస్‌ఐకి దించితే బండి తేలిగ్గా నడుస్తుంది, కానీ తారురోడ్డు ఎక్కేముందు తిరిగి నింపాలి. అందుకే కంప్రెసరు లేకుండా గాలి తీయకండి.

పక్క గోడ చీలికకు స్ట్రిప్పు వేస్తే అది నిదానంగా ఊరు చేరడానికే. ఆ టైరుతో హైవే ఎక్కకూడదు.

5. బెల్టు: పేరుతో కాదు, నంబరుతో కొనండి

ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నది. తాడ్వాయి దాటాక బెల్టు తెగింది. స్పేరు ఉందిగా అని ధీమాగా బానెట్ ఎత్తాను. ఎంత లాగినా ఆఖరి పుల్లీ మీదికి రాదు. దుకాణంలో బండి పేరు చెప్పి కొన్నాను, వాళ్లు ఇచ్చింది ఏసీ లేని మోడల్‌ది. మావాడొకడు ఎవరిదో బైక్ వెనక కూర్చుని ములుగు పోయి, తెగిన ముక్క చూపించి, బెల్టు తెచ్చేసరికి పొద్దు గూకింది.

బెల్టు వీపు మీద నంబరు ఉంటుంది. 6పీకే1715 అని ఉంటే ఆరు గాళ్లు, 1715 మిల్లీమీటర్ల పొడవు అని అర్థం. చెరిగిపోకముందే ఫోన్లో ఫొటో తీసిపెట్టుకోండి.

కొన్నాక నేరుగా పెట్టెలో వేయకండి. కొత్తది బండికి వేయించి, పాతది పెట్టెలో పెట్టండి. వేసేటప్పుడు పక్కన నిలబడి బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎలా తిరుగుతుందో ఫొటో తీయండి, బెల్టును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ తిప్పడానికి ఏ పానా పట్టిందో రాసుకోండి. కొన్ని బండ్లలో టెన్షనర్ ఉండదు, సాగే బెల్టు ఉంటుంది. దాన్ని ఎక్కించడానికి ప్రత్యేక పరికరం కావాలి. అలాంటిదైతే ఆ పరికరం కూడా పెట్టెలోకి.

నడుస్తుండగా బ్యాటరీ దీపం వెలిగి, వెంటనే ఇంజన్ వేడి చూపే ముల్లు పైకి లేస్తే బెల్టు తెగిందనే అనుకోండి. చాలా ఇంజన్లలో నీళ్ల పంపును తిప్పేది ఆ బెల్టే. "ఇంకో కిలోమీటరు పోయి ఆపుదాం" అంటే సిలిండర్ హెడ్ పోవచ్చు. తాడో గుడ్డో పేని కట్టి నడిపించారనే కథలు పాత వీ బెల్టుల కాలం నాటివి. ఇప్పటి గాళ్ల పుల్లీల మీద అవి నిలవవు.

6. నీళ్లు, హోసులు

రేడియేటర్ పై హోసు, కింది హోసు అచ్చులో పోసిన వంపులతో వస్తాయి, వేరే బండివి పట్టవు. బండి వయసు ఏడెనిమిదేళ్లు దాటితే ఇంటి దగ్గరే రెండూ మార్పించి, పాతవాటిలో మెరుగైనది ఒకటి పెట్టుకోండి.

- హోసు క్లిప్పులు, మూడు సైజుల్లో రెండేసి
- తనకు తానే అతుక్కునే సిలికాన్ టేపు ఒక చుట్ట
- కలిపి అమ్మే కూలెంటు 2 లీటర్లు, ఇంకో 5 లీటర్ల మంచినీళ్లు
- రేడియేటర్ మూత ఒకటి

వేడి మీద మూత తీయొద్దు. అర్ధగంటైనా ఆగండి. హోసు చిట్లినచోట తుడిచి ఆరబెట్టి, సిలికాన్ టేపును రెట్టింపు సాగేలా లాగుతూ, చుట్టు మీద చుట్టు సగం ఎక్కేలా చుట్టండి. మామూలు కరెంటు టేపు ఆ వేడికి జారిపోతుంది.

7. డీజిలు, గాలి

ఊళ్లో డబ్బాలో అమ్మే డీజిల్ పోయించుకోవాల్సి వస్తే నీళ్లు కలిసి ఉండొచ్చని ముందే అనుకోండి. ఒక డీజిల్ ఫిల్టర్, దాని రబ్బరు రింగులతో సహా, తప్పక పెట్టుకోవాలి. మార్చాక ఫిల్టర్ దగ్గరి చిన్న చేతిపంపుతో డీజిల్ పైపుల్లోని గాలి తీయడం ఇంటి దగ్గర ఒకసారి చేసి చూడండి. ఫిల్టర్ కింద నీళ్లు వదిలే స్క్రూ ఎక్కడుందో తెలుసుకోండి. చాలాసార్లు ఫిల్టర్ మార్చకుండా నీళ్లు వదిలితేనే సరిపోతుంది.

పాత జీపుల్లో గాలి తీయడానికి ఇంజెక్టర్ పైపులు వదులు చేసేవాళ్లు. కామన్ రైలు ఇంజన్లలో (ఇప్పటి డీజిల్ బండ్లవి) ఆ పని చేయకండి. వాటిలో ఒత్తిడి వెయ్యి బార్ దాటుతుంది, ఆ డీజిల్ చుక్క చర్మాన్ని కోసుకుపోతుంది.

బీఎస్6 డీజిల్ బండికి డీఈఎఫ్ (పొగను శుభ్రపరిచే ద్రవం) ట్యాంకు ఉంటే అది నిండుగా ఉందో చూసుకోండి. పూర్తిగా అయిపోయాక ఇంజన్ ఆపితే మళ్లీ స్టార్ట్ కాకపోవచ్చు.

దుమ్ము దారిలో మూడు బండ్లు వరుసగా పోతే వెనకబండి ఎయిర్ ఫిల్టర్ ఒక్కరోజులో ఎర్రమట్టి అవుతుంది. ఒకటి అదనంగా పెట్టుకోండి, బరువేమీ కాదు.

8. కరెంటు: గుప్పెడు సామాను

ఇవన్నీ కలిపి టిఫిన్ డబ్బాలో పడతాయి. కానీ బండిని నిలబెట్టేవాటిలో వీటి వాటా పెద్దది.

- ఫ్యూజులు, మీ బండి సైజువి: 10 ఆంపియర్లు ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ, ఒక్కోటి మూడు
- రిలేలు (పంపు, హారన్ లాంటివాటికి కరెంటు వదిలే చిన్న స్విచ్చులు) 2
- హెడ్‌లైట్ బల్బు ఒకటి. ఎల్ఈడీ లైట్లయితే అవసరం లేదు
- తీగ 3 మీటర్లు, కనెక్టర్లు, కరెంటు టేపు
- టెస్ట్ ల్యాంపు లేదా మల్టీమీటరు
- జంపర్ కేబుళ్లు, మందపాటివి
- తాళంచెవి రిమోట్‌కు సీఆర్2032 లేదా మీ దానికి సరిపడే సెల్లు

రెండో తాళంచెవి ఇంట్లో పెట్టి రాకండి. బండిలోనూ వద్దు, ఇంకొకరి జేబులో ఉండాలి. చిప్పు తాళం వాగులో పడితే మంచిర్యాలలో కూడా నకలు చేయించలేకపోవచ్చు.

ఫ్యూజు పోయినచోట సిగరెట్ పెట్టె వెండికాగితం చుట్టడం, 10 ఉన్నచోట 30 వేయడం చేయకండి. ఫ్యూజు బదులు తీగలు కాలుతాయి. అదే విలువ ఫ్యూజు మళ్లీ పోతే ఎక్కడో తీగ ఒరుసుకుపోయిందని అర్థం, ముందు దాన్ని వెతకాలి.

డీజిల్ పంపు రిలే పోయిందనిపిస్తే, హారన్ రిలే మీద అదే నంబరుంటే తీసి మార్చి చూడండి. హారన్ లేకుండా ఊరు చేరొచ్చు.

ఆల్టర్నేటర్ పనిచేయకపోతే ఏసీ, పాటలు, పైన బిగించిన లైట్లు అన్నీ ఆపి, ఇంజన్ ఆపకుండా పగటిపూటే బయటపడండి.

9. క్లచ్, బ్రేకు, కింది సామాను

కేబుల్ క్లచ్ ఉన్న బండికి కేబుల్ పెట్టుకోవాలి, ఇది తప్పనిసరి. హైడ్రాలిక్ (ఆయిల్ ఒత్తిడితో పనిచేసేది) అయితే క్లచ్‌ను నెట్టే స్లేవ్ సిలిండర్ రబ్బర్ల కిట్టు, మూత మీద రాసిన డాట్ 3 లేదా డాట్ 4 రకం బ్రేకు ఆయిల్, సీలు తీయని చిన్న డబ్బా. తెరిచిన డబ్బా గాలిలోని తేమను పీల్చుకుంటుంది, వచ్చే ప్రయాణానికి దాచకండి. బ్రేకు ఆయిల్ లేదని ఇంజన్ ఆయిల్ పోస్తే లోపలి రబ్బర్లన్నీ ఉబ్బి, పని పూర్తిగా చెడుతుంది.

ప్రొపెల్లర్ షాఫ్టు యూజే క్రాసు ఒకటి, సర్‌క్లిప్పులతో సహా, పాత బండ్లకు పెట్టుకోవచ్చు. దారిలో క్రాసు మార్చడం చేతకాకపోతే ఇంకో ఉపాయం ఉంది: పార్ట్‌టైమ్ ఫోర్ బై ఫోర్ (అవసరమైనప్పుడే నాలుగు చక్రాలకు వేసుకునే) బండిలో వెనక షాఫ్టు విప్పేసి, లివరు ఫోర్ హైలో వేసి ముందు చక్రాలతో నిదానంగా రావచ్చు. అయితే కొన్ని బండ్లలో షాఫ్టు నేరుగా ట్రాన్స్‌ఫర్ కేసులోకి దూరి ఉంటుంది, లాగితే ఆయిల్ కారిపోతుంది. మీది ఏ రకమో మెకానిక్‌ను ముందే అడగండి.

వెనక స్ప్రింగు పట్టీలున్న బండ్లకు సెంటర్ బోల్టు ఒకటి, యూ బోల్టు ఒక జత. పట్టీ విరిగితే యాక్సిల్‌కూ ఛాసిస్‌కూ మధ్య చెక్క పెట్టి, రాచెట్ బెల్టుతో బిగించి ఊరు చేరొచ్చు.

10. పార్టు కాని పార్టులు

నిజం చెప్పాలంటే నా పెట్టెలో ఎక్కువసార్లు వాడింది ఇవే.

- బైండింగ్ వైరు, జిప్ టైలు 30
- ఎం-సీల్, ఇనుముకు అంటే స్టీల్ పుట్టీ
- రాచెట్ బెల్టులు 2
- అరకిలో నట్లు, బోల్టులు, వాషర్లు కలగలిపి
- ఒంటి సబ్బు

రాయి తగిలి ఆయిల్ సంపుకు (ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) చీలిక వస్తే: ఇంజన్ ఆపండి, కారేది ఆగేదాకా వదలండి, కింద గిన్నె పెట్టండి, ఒర్రెలోకి పోనివ్వకండి. చీలిక చుట్టూ పెట్రోలు తడిపిన గుడ్డతో జిడ్డు తుడిచి, ఉప్పుకాగితంతో గీకి, పుట్టీ పిసికి అద్దండి. డబ్బా మీద రాసినంతసేపు ఆగండి. తొందరపడి ఆయిల్ పోస్తే పుట్టీ ఊడి ఆయిల్ కూడా పోతుంది. అందుకే ఇంజన్ ఆయిల్ 3 లీటర్లకు తగ్గకుండా ఉండాలి.

ట్యాంకుకు సన్నటి చీలికైతే సబ్బును గట్టిగా రుద్ది నింపండి. డీజిల్, పెట్రోలుకు అది తొందరగా కరగదు.

11. ప్రతి పార్టు పక్కన దాని పానా

పార్టు ఉండి పానా లేకపోవడం కన్నా చిరాకు ఇంకోటి లేదు. ఆదివారం పొద్దున ఇంటి ముందు బండి ఆపి, పెట్టెలోని పానాలతో మాత్రమే ఒక చక్రం, బెల్టు, డీజిల్ ఫిల్టర్, ఒక ఫ్యూజు మార్చండి. లోపలికెళ్లి తెచ్చుకున్న ప్రతి పానా పేరూ రాసుకోండి. సాయంత్రం ఆటోనగర్ పోయి అవే కొనండి. వందముక్కల సెట్టు కొంటే అందులో మీకు పనికొచ్చేవి పదిహేను.

తలదీపం ఒకటి మరచిపోకండి. ఫోన్ నోట్లో పెట్టుకుని నట్టు విప్పలేం.

12. సర్దడం

బరువైనవి కింద, సీట్ల వెనక, బెల్టు వేసి కట్టాలి. పైన క్యారియర్ మీద నూనె డబ్బాలు, జాకీ వేస్తే గుట్ట వాలులో బండి తూగుతుంది. రబ్బరు సామాను నల్ల కవరులో చుట్టి, ఎండ తగలకుండా పెట్టండి. ఎలుకలు బెల్టు కొరికిన సందర్భమూ చూశాను కాబట్టి మూత గట్టిగా పడే డబ్బానే మేలు.

ప్రతి పొట్లం మీద పార్టు పేరు, నంబరు, ఏ పానా కావాలో తెలుగులో రాయండి. మీరు లేనప్పుడు పెట్టె తెరిచేది మీ డ్రైవరో, మీ బావమరిదో కావచ్చు.

13. బండి ఆగినప్పుడు ఈ వరుసలో

1. చక్రాలకు రాళ్లు పెట్టండి. వెనకొచ్చేవాళ్లకు కనిపించేలా కొమ్మో, త్రికోణమో పెట్టండి.
2. వాగులో ఆగితే మళ్లీ తాళం తిప్పకండి. ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడండి. తడిగా ఉంటే సిలిండర్లలోకి నీళ్లు పోయి ఉండొచ్చు. స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. బయటికి లాగించి మెకానిక్‌కు అప్పగించండి.
3. ముందు కళ్లతో వెతకండి: బెల్టు ఉందా, కింద ఏం కారుతోంది, ఏ తీగ ఊడింది.
4. తర్వాత ఫ్యూజులు, బ్యాటరీ టెర్మినళ్లు.
5. ఆ తర్వాతే పెట్టె తెరవండి.
6. గంటలో తెగకపోతే, వెలుగుండగానే సాయానికి మనిషిని పంపండి. అడవిలో సిగ్నల్ ఉండదు. సిగ్నల్ దొరికినచోట అత్యవసరమైతే 112.

14. తిరిగొచ్చాక

అదే వారంలో పెట్టె విప్పండి. వాడినవి రాసుకుని తిరిగి కొనండి. వాగు దాటి ఉంటే యాక్సిళ్ల ఆయిల్ చూడండి, పాలు కలిపిన టీలా తెల్లగా ఉంటే నీళ్లు చేరినట్టే, మార్పించాలి. మూడు ప్రయాణాల్లో ఒక్కసారీ ముట్టని బరువైన సామాను ఏదన్నా ఉంటే, రెండో అంచెలోని మూడు ప్రశ్నలు దాన్ని మళ్లీ అడగండి.